ఏ ఊరికి పోదాం?



మిరప కోతలు ముగిసి, కాయ యార్డుకో శీతల గిడ్డంగికో చేరిన తరువాత మన పల్లెల్లో ఒక ప్రశ్న పుడుతుంది. ధర బాగా పలికిన ఏడు అది ఎవరికీ వినపడదు. అప్పు తీరని ఏడు మాత్రం ప్రతి ఇంటి అరుగు మీదా వినపడుతుంది. "ఇంకా ఇక్కడ ఉండి చేసేదేముంది? ఎక్కడికైనా పోదాం." ఆ తరువాత ఎక్కడికన్న తర్జనభర్జన. ఒకరు హైదరాబాదంటారు, ఒకరు బెంగుళూరంటారు. పిల్లవాడు ఇంజనీరింగు చదివి ఉంటే అమెరికా అంటాడు. చదువు పదో తరగతి దగ్గర ఆగిన ఇంట్లో కువైట్ మాట వస్తుంది. కాస్త భూమి ఉన్నవారు, అది అమ్మి కర్ణాటకలో కొనుక్కుంటే ఎలా ఉంటుందని లెక్కలు వేస్తారు.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2021లో మిరపతోటల మీద నల్ల తామరపురుగు పడి పూతనంతా మాడ్చివేసినపుడు, పీకి పారేసిన తోటలెన్నో. ఆ తరువాత ధర ఆకాశానికెక్కింది. దాన్ని నమ్మి కౌలుకు మరికొంత తీసుకున్నవారికి 2025 వచ్చేసరికి ధర పాతాళం చూపింది. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్కకట్టవలసి వచ్చింది. పత్తి సంగతి మన పెద్దలకు ఇంకా బాగా తెలుసు. 1980లలో తెల్లదోమ వచ్చి, కొట్టిన మందు పనిచేయక, మందుల అప్పు తీర్చలేక ఆ మందే త్రాగి ప్రాణాలు తీసుకున్న రైతులు ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలలోని వారే. కనుక పోదామనేవారిని చూసి పిరికివారని ఎవరూ అనకూడదు.

ఎక్కడికి పోవాలో చెప్పేవారికి కొదువ లేదు. కన్సల్టెన్సీ వారు చెబుతారు, ఏజెంటు చెబుతాడు, పెళ్ళికి వచ్చిన చుట్టాలు అడగకుండానే చెబుతారు. జీతమెంత, అద్దె ఎంత, వీసా ఎన్నాళ్ళు, బడి ఎలాంటిది – ఈ లెక్కలన్నీ కావలసినవే. కానీ ఊరు మారడమంటే జీతం మారడమొక్కటే కాదు గదా. మనతో ఎవరు వస్తారు, ఎవరు మిగిలిపోతారు, మనం చేరే చోట ముందునుంచీ ఉన్నవారి గతి ఏమవుతుంది? ఏజెంటు కాగితంలో ఈ గడులు ఉండవు. ఈ వారం వాటి గురించే ఆలోచిద్దాం.

మొదట ఒక మాట గుర్తుచేసుకోవాలి. మనలో చాలామంది ఈ నేలకు వలస వచ్చినవారి సంతతే. 18వ శతాబ్ది తొలి దశకాల్లో యేసుసభ గురువులు పుంగనూరు, కృష్ణాపురం, మడిగుబ్బ ప్రాంతాలలో సువార్త బోధించగా విశ్వాసులైన తెలుగు కుటుంబాలు, యుద్ధాలకూ దోపిడులకూ కరువులకూ తాళలేక అనంతపురం, కడప సీమలు విడిచి తూర్పుకు నడిచివచ్చాయి. 1773లో యేసుసభ రద్దయిన తరువాత వారికి గురువులు కూడా కరవయ్యారు. ఫిరంగిపురం, ముట్లూరు, పాటిబండ్ల, రెంటచింతల వంటి విచారణల పాత కుటుంబాల వారిని అడగండి. పడమటి నుంచి వచ్చామన్న మాట తాతల నోట వినే ఉంటారు. వారు జీతం చూసి రాలేదు. ప్రాణభయం లేని చోటు, నల్లరేగడి నేల, ముందుగా వచ్చి స్థిరపడ్డ బంధువు – ఈ మూడూ చూసి వచ్చారు. మూడోదాని విలువ మనం మరచిపోతున్నాం. ఒంటరిగా వచ్చినవాడు ఊరికి అతిథిగానే మిగిలిపోతాడు. పది కుటుంబాలు కలిసి వస్తే, గురువులు లేని కాలంలో కూడా జపమాల ఆగకుండా నడిపించుకోగలిగాయి.

రెండవ వలస మన తండ్రుల, తాతల కాలపుది. నిజాంసాగర్ 1931లో పూర్తయినపుడు కోస్తా రైతులు కొందరు బోధన్, వర్ని వైపు వెళ్ళారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీరు వదిలాక గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల కుటుంబాలు గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి దారి పట్టాయి. అక్కడ వారు వేసుకున్న పల్లెలకు నేటికీ 'క్యాంపు' అన్న పేరే నిలిచింది. ఇల్లు డాబా అయింది, మనవలు కన్నడ బడిలో చదివి ఉద్యోగాలకు వెళ్ళారు, ఊరు మాత్రం ఇంకా క్యాంపే! పేరులో దాగిన ఈ తాత్కాలికత నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. యాభై, అరవై ఏళ్ళు ఒక చోట ఉండి కూడా ఆ ఊరివాడు కాలేకపోవడం ఎవరి తప్పు?

ఇక్కడ కాస్త చేదు మాట చెప్పవలసి ఉంది. మనవారు అక్కడ చెమటోడ్చి మెట్టను మాగాణి చేశారన్నది నిజం. కాలువ నీటితో వరి పండించే నేర్పు వారిది. కానీ ఆ భూమి వారికి అంత చౌకగా ఎలా దొరికింది? ఇక్కడ ఒక ఎకరం అమ్మి అక్కడ పలు ఎకరాలు కొన్నామని చెప్పుకుంటాం గదా, ఆ అమ్మినవాడెవడు? జొన్న, సజ్జ పండించుకొనే మెట్ట రైతు. రాబోయే నీటి విలువ అతనికి తెలియలేదు, లేదా తెలిసినా మాగాణి సాగుకు పెట్టుబడి లేదు. అమ్మిన తరువాత ఆ భూమిలోనే కూలికి వచ్చినవారు ఉన్నారు. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. రిజిస్ట్రేషన్ జరిగింది, సొమ్ము ముట్టింది. అయినా ఒకరి అజ్ఞానం మరొకరికి లాభమైనపుడు, ఆ లాభం మీద ఏదో ఒక బాకీ ఉంటుందని నా అభిప్రాయం. ఆ బాకీని భూమి తిరిగి ఇచ్చి తీర్చమని ఎవరూ అనరు. న్యాయమైన కూలి ఇవ్వడం, వారి భాష నేర్చుకోవడం, వారి పిల్లలున్న బడికే మన పిల్లలను పంపడం – ఇలా తీర్చిన కుటుంబాలు ఉన్నాయి. తీర్చని చోట 'బయటివాళ్ళు' అన్న మాట తరతరాలు నిలిచిపోతుంది. తెలంగాణలో 1969లో మొదలై 2014లో ప్రత్యేక రాష్ట్రం దాకా నడిచిన ఉద్యమంలో ఆ మాటను మనం విననే విన్నాం. విని కోపం తెచ్చుకున్నవారే ఎక్కువ. ఎందుకన్నారని ఆలోచించినవారు తక్కువ.

ఆదికాండము 13వ అధ్యాయం ఇటువంటి కుటుంబం కథే. అబ్రహాముకూ లోతుకూ మందలు పెరిగాయి, మేత చాలలేదు, కాపరులు కొట్లాడుకున్నారు. పెద్దవాడైన అబ్రహాము ఎంపికను చిన్నవాడికి వదిలిపెట్టాడు. లోతు కన్నులెత్తి చూశాడు. నీరు పుష్కలంగా ఉన్న యోర్దాను మైదానం కనిపించింది. అదే కోరుకున్నాడు. మన రైతు ఎవడైనా అదే చేస్తాడు, అతణ్ణి తప్పుపట్టే హక్కు నీటికోసం కళ్ళు కాయలు కాసిన మనకు లేదు. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు 1967లో వదిలినప్పటి నుంచీ చివరి భూములకు చేరతాయని చూసిన ప్రకాశం జిల్లా రైతును అడగండి, నీరున్న చోటంటే ఏమిటో చెబుతాడు. లోతు చూసినది తప్పు కాదు. కానీ నీటి దగ్గరే అతని చూపు ఆగిపోయింది. ఆ మైదానంలో ఎవరున్నారు, వారు పరదేశితో ఎలా ప్రవర్తిస్తారు, తన ఆడపిల్లలు అక్కడ ఎలా బ్రతుకుతారు అన్నది అతడు అడిగినట్టు కనిపించదు. గుడారాన్ని కొంచెం కొంచెంగా సొదొమ వైపు జరుపుకుంటూ పోయాడు. మనవారి వలసలు కూడా చాలావరకు ఇలాగే జరుగుతాయి. రెండేళ్ళని వెళతారు, ఐదేళ్ళవుతుంది, తరువాత పిల్లల చదువు, తరువాత ఇల్లు. ఎప్పుడు ఎంచుకున్నామో తెలియకుండానే ఎంపిక పూర్తవుతుంది.

ఇంకొక కుటుంబం ఉంది. కరువు వచ్చి బేత్లెహేము విడిచి మోవాబు దేశానికి వెళ్ళిన ఎలీమెలెకు కుటుంబం. ఇంటి పెద్ద అక్కడే చనిపోయాడు, కొడుకులిద్దరూ చనిపోయారు, ముగ్గురు విధవలు మిగిలారు. బయలుదేరేటప్పుడు నవోమిని ఎవరైనా అడిగారా? అడిగినట్టు ఎక్కడా వ్రాసిలేదు. తిరిగి రావాలన్న నిర్ణయం మాత్రం ఆమెదే.

మన ఇండ్లలో ఎవరిని అడుగుతున్నాం? అమెరికా సంబంధమంటే కట్నమెంతో మాట్లాడుకుంటాం, అమ్మాయి వెళ్ళేది ఏ వీసా మీదో అడిగే తండ్రి ఎందరు? భర్త హెచ్-1బి మీద ఉంటే భార్యకు వచ్చేది హెచ్-4. 2015 వరకు ఆ వీసా మీద ఉన్న భార్యకు ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తరువాత కూడా, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. ఆ గ్రీన్‌కార్డుకు ఉద్యోగం ద్వారా వెళ్ళే దారిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరు కనుక మన దేశంవారి వరుస ఏళ్ళతరబడి సాగుతుంది. ఇక్కడి నుంచి చంకనెత్తుకు తీసుకుపోయిన బిడ్డ ఆ వరుసలోనే పెరిగి, 21 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తు నీడ నుంచి బయటపడతాడు. అక్కడి భాషే అతని భాష, అయినా అక్కడ ఉండే హక్కు విడిగా వెతుక్కోవాలి. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినపుడు మన ఊళ్ళలో ఎన్ని ఇండ్లలో ఆ రాత్రి నిద్ర పట్టలేదో! వెళ్ళవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్లు ఎందరో వెళ్ళి గౌరవంగా స్థిరపడ్డారు, సంపాదించినదాంట్లో కళాశాలకూ ఊరికీ తిరిగి ఇచ్చినవారూ ఉన్నారు. కానీ తలుపు తీయడం, మూయడం ఇతరుల చేతిలో ఉన్న ఇంటికి వెళుతున్నామని, వెళ్ళేవారందరికీ, ముఖ్యంగా భార్యకూ పిల్లలకూ, ముందే తెలియాలి. వారి సమ్మతి లేకుండా తీసుకున్న నిర్ణయాన్ని 'కుటుంబం కోసమే' అని పిలవడం న్యాయం కాదు.

గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారి సంగతి ఇంకా సున్నితమైనది. పదో తరగతి పూర్తికానివారు పనికి అక్కడికి వెళ్ళాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే అటువంటి స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. ఏజెంటుకు ప్రభుత్వ నమోదు ఉండాలి, అతడు సేవారుసుముగా తీసుకోదగినది 30 వేల రూపాయలు, దానిపై పన్ను, అంతే. ఇంతకు మించి అడిగేవాడు, విజిటు వీసా మీద పంపి అక్కడ మారుస్తానని చెప్పేవాడు మోసగాడని తెలుసుకోండి. హైదరాబాదులో వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయం ఉంది. బంగారం కుదువబెట్టే ముందు అక్కడికి ఒకసారి వెళ్ళడం మంచిది.

మిగిలిపోయేవారి మాట. వృద్ధులైన అమ్మానాన్నలు. నాలుగెకరాలున్న ఇంట్లో రెండెకరాలు అమ్మి కొడుకును పంపారనుకుందాం. మిగతా రెండెకరాలు కౌలుకిచ్చి వారు బ్రతుకుతారు. కొడుకు ఫోనులో ప్రతి ఆదివారం కనిపిస్తాడు. కాలు విరిగితే మోసుకుపోయేది మాత్రం ప్రక్కింటి అబ్బాయి. ఆ ప్రక్కింటి అబ్బాయికి మనం ఏమిస్తున్నాం? కొడుకు సంపాదనలో అతని శ్రమ కూడా కలిసి ఉందని నేనంటే కొందరికి వింతగా తోచవచ్చు. 2007 నాటి చట్టం తల్లిదండ్రులను పోషించడం పిల్లల బాధ్యతని చెబుతున్నది. ఆస్తి వ్రాసి ఇచ్చేటప్పుడు తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో వ్రాయించుకుంటే, ఆ షరతు తప్పినపుడు దాన్ని రద్దు చేయించుకొనే దారి కూడా ఉంది. పెద్దలు సిగ్గుపడకుండా వ్రాయించుకోవాలి. పిల్లలు దాన్ని అవమానమనుకోకూడదు. ఇంకో మాట, భూమి మొత్తం అమ్మి పంపవద్దు. తిరిగి రావడానికి ఒక గడప ఉన్నవాడు పరాయి ఊళ్ళో నిటారుగా నిలబడగలడు.

అసలు ఊరు మారకుండానే, ఊరే మన కాళ్ళ క్రింద మారిపోవడం కూడా చూశాం. 2015లో అమరావతి కోసం మన రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఇచ్చారు. 2019 చివరన మూడు రాజధానులన్నారు. 2024లో ప్రభుత్వం మారి పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఇంటి ముందుకే రాజధాని వస్తుందని నమ్మి ఎక్కడికీ వెళ్ళకుండా ఉన్నవారు కూడా, వలసవెళ్ళినవారంత అనిశ్చితిలో బ్రతికారు. ఆ మధ్యలో చుట్టుప్రక్కల స్థలాలు కొన్నవారిలో చాలామంది అక్కడ ఉండడానికి కొనలేదు, అమ్మడానికి కొన్నారు. ఉండే ఉద్దేశం లేని చోటును ఎంచుకోవడాన్ని ఎంపిక అనవచ్చునా? నాకైతే సందేహమే.

శ్రీసభ ఈ విషయంలో ఏం చెబుతుందని అడిగేవారికి క్లుప్తంగా. పన్నెండవ భక్తినాథ పాపుగారు 1952లో, హేరోదుకు భయపడి ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబాన్ని వలసవెళ్ళే కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపుతూ ఒక శాసనపత్రం వ్రాశారు. 23వ జాన్ పాపుగారు 1963లో, న్యాయమైన కారణముంటే మరొక దేశానికి వెళ్ళి స్థిరపడడం మానవుని హక్కు అన్నారు. రెండవ జాన్‌పాల్ పాపుగారు 1981లో ఆ హక్కును ఒప్పుకుంటూనే, వెళ్ళిన ప్రతి వ్యక్తితోపాటు స్వదేశం కొంత కోల్పోతుందని గుర్తుచేశారు. ఫ్రాన్సిస్ పాపుగారు 2023లో వలసదారుల దినోత్సవానికి ఎంచుకున్న అంశం, వెళ్ళాలో ఉండాలో స్వేచ్ఛగా ఎంచుకోవడం. ఉండిపోయే హక్కు కూడా ఒక హక్కేనన్న మాట మన మైదానాలకు బాగా వర్తిస్తుంది. గిట్టుబాటు ధర లేక, కాలువలో నీరు రాక, అప్పువాడు గుమ్మంలో కూర్చుంటే బయలుదేరినవాడు ఊరిని ఎంచుకున్నాడని అనలేం, తరిమివేయబడ్డాడనే అనాలి.

శ్రీసభ చట్టంలో ఇంకొక చక్కని విషయం ఉంది, ఎక్కువమందికి తెలియదు. ఒక వ్యక్తి ఏ విచారణకు చెందుతాడు? 1983 నాటి చట్టగ్రంథం 102వ నిబంధన ప్రకారం, శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశంతో వచ్చినవాడు వచ్చిన రోజునుంచే ఆ విచారణవాడు. ఉద్దేశం లేకపోయినా ఐదేళ్ళు ఉంటే అప్పుడూ ఆ విచారణవాడే. ఆధార్ కార్డు, సొంత ఇల్లు, మాతృభాష ఏవీ అక్కరలేదు. హైదరాబాదులో, బెంగుళూరులో పదేళ్ళుగా ఉంటూ, ఇంకా 'మా ఊరి గుడి' అని పండుగకు మాత్రమే ఇక్కడికి వచ్చి, అక్కడి విచారణలో ముఖం కూడా చూపించని మన పిల్లలు దీన్ని గమనించాలి. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అక్కడివారైపోయారు. అక్కడి ఇరుగుపొరుగు రోగులు మీ రోగులు, అక్కడి బీదలు మీ బీదలు. బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త వ్రాసి పంపిన లేఖ సారాంశం కూడా ఇంచుమించు ఇదే. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమంకోసం ప్రార్థించండి అని. చెరలో ఉన్నవారికే అలా చెబితే, కోరి వెళ్ళినవారికి వేరే చెప్పాలా?

అదే నిబంధనలో రెండో భాగం మనకు, అంటే ఇక్కడే ఉన్నవారికి, వర్తిస్తుంది. మనం ఎక్కడికి పోదామా అని అరుగుల మీద కూర్చొని తర్జనభర్జన పడుతున్న వేళకే, మన ఊళ్ళను వెతుక్కుంటూ వచ్చేవారున్నారు. కర్నూలు పడమటి మండలాలు – కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు నుంచి ప్రతి ఏటా పత్తితీతకూ మిరపకోతకూ కుటుంబాలకు కుటుంబాలే ఇండ్లకు తాళాలు వేసుకొని గుంటూరు పల్లెలకు వస్తాయి. మేస్త్రి ఇచ్చిన బయానా తిన్నారు కనుక వచ్చారు. ఏ ఊరు మంచిదన్న ప్రశ్న వారి దగ్గరకు ఎన్నడూ రాలేదు. చేను గట్టున టార్పాలిన్ గుడారం, మూడు రాళ్ళ పొయ్యి, చీర ఉయ్యాలలో పసిబిడ్డ. బడి మాని కోతకు వచ్చిన పదేళ్ళ పిల్ల రోజంతా ఘాటుకు కన్నులు మండుతూ, రాత్రి అదే చేతులతో తమ్ముడికి అన్నం పెడుతుంది. అలా వచ్చే పిల్లలు సొంత ఊళ్ళోనే చదువుకొనేలా అక్కడ సీజనల్ హాస్టళ్ళు ఏర్పాటు చేయాలన్న పథకం ఉన్నది. అది నడిచిన ఏడు పిల్లలు తక్కువగా వస్తారు, నడవని ఏడు గుడారాల నిండా పిల్లలే.

వారిలో మన విశ్వాసులు ఉన్నారా? ఎవరూ అడగలేదు గనుక తెలియదు. ఆదివారం పూజకు రమ్మని గుడారం దాకా వెళ్ళి పిలిచిన ఉపదేశి ఎవరైనా ఉంటే ఆయనకు నా వందనాలు. 102వ నిబంధన రెండో భాగం ప్రకారం మూడు నెలలు ఉండాలన్న ఉద్దేశంతో ఒక చోటికి వచ్చినవారు, లేదా నిజంగానే మూడు నెలలు ఉన్నవారు, అక్కడ ఉన్నంతకాలం ఆ విచారణకు చెందినవారే. మిరపకోత మొదటి విడత నుంచి ఆఖరి విడత వరకు ఎన్నాళ్ళు పడుతుందో మన రైతులకు నేను చెప్పనక్కరలేదు. సంక్రాంతికి ముందే దిగినవారు ఉగాదికి గాని తిరిగిపోరు. ఆ బిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వవలసినది, జ్వరం వస్తే చూడవలసినది, ఎవరైనా కన్నుమూస్తే మన సమాధుల తోటలో చోటు చూపవలసినది మన విచారణే. ఈ ఏడాది విచారణ కుటుంబాల లెక్క తీసే పెద్దలు చేను గట్లమీద ఉన్న గుడారాలకు కూడా వెళ్ళి, పుస్తకంలో వారి పేర్లు వ్రాసుకొని రావాలి.